గోదారికి లెక్కుంది, మన వాగుకి లెక్కేదీ?

పోస్టు పెద్దది. తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి, కానీ చదవండి.

వానాకాలం వస్తే మన గ్రూపులో రోజుకి పదిసార్లు కనపడే మాట ఒకటుంది: "భద్రాచలం దగ్గర ఇప్పుడు ఇన్ని అడుగులు." 43 అయితే మొదటి హెచ్చరిక, 48 అయితే రెండోది, 53 అయితే మూడోది. మన ఊళ్ళలో చిన్న పిల్లలకి కూడా ఈ మూడు అంకెలు నోటికొచ్చు. కానీ మనలో చాలామంది ఊళ్ళకి ముందుగా దారి మూసేది గోదారి కాదు, ఊరి పక్క వాగు. ఆ వాగు దగ్గర అడుగులు రాసిన స్కేలు లేదు, హెచ్చరిక లేదు. పోయిన ఏడు ఎంత వచ్చిందంటే చెప్పే కాగితం కూడా లేదు. కోయ మాటలో నీళ్ళనే ఏరు అంటాం. తెలుగులో ఏరంటే వాగు. రెండు భాషల్లోనూ మనకి అంత దగ్గరిది, లెక్కల్లో మాత్రం ఎక్కడా లేదు.

మేం ఆరుగురం. కోయలం, కొండరెడ్లం కలిసి చదువుకుంటున్నాం. ఇద్దరం ఇంజనీరింగు, మిగతావాళ్ళం డిగ్రీ. పోయిన సెలవుల్లో మాలో ఒకరి ఊరి వాగు మీద ఒక పని చేశాం. ఆ వాగు వరద ఎన్నేళ్ళకోసారి ఎంత ఎత్తు రావచ్చో లెక్క కట్టాం. ఎందుకు కట్టాల్సి వచ్చిందో, ఎలా కట్టామో, దాంతో ఏం జరిగిందో చెబుతాం. మీ ఊళ్ళో కూడా చెయ్యొచ్చు కాబట్టి చెబుతున్నాం.

ముందు ఒక సంగతి ఒప్పుకుందాం. వాగు వరద వేరు, గోదారి వరద వేరు. గోదారి పరీవాహక ప్రాంతం మూడు లక్షల చదరపు కిలోమీటర్ల పైమాటే. ఎక్కడో మహారాష్ట్రలో, ఛత్తీస్‌గఢ్‌లో పడ్డ వాన ప్రాణహిత, ఇంద్రావతి మీదుగా దిగి రావాలి. టైం పడుతుంది, ఆ లోపు ఫోన్లు మోగుతాయి. మన వాగు పరీవాహకం ఇరవై చదరపు కిలోమీటర్లో, వందో. గుట్ట మీద వాన పడిన రెండు మూడు గంటల్లో నీళ్ళు చప్టా మీద ఉంటాయి.

2023 జూలై 27 గుర్తు చేసుకోండి. ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఒక చదరపు కిలోమీటరు మీద ఒక్క మిల్లీమీటరు పడితే పది లక్షల లీటర్లు. ఆ లెక్కన ప్రతి చదరపు కిలోమీటరు మీదా దాదాపు 65 కోట్ల లీటర్లు! జంపన్నవాగు కొండాయి మీద పడింది, ప్రాణాలు పోయాయి. మోరంచవాగు మోరంచపల్లిని ముంచింది. ఏడాది తిరక్కుండా 2024 జూలై 18న అశ్వారావుపేట మండలంలో పెదవాగు ప్రాజెక్టు కట్ట తెగి, కింద వేలేరుపాడు, కుక్కునూరు మండలాల ఊళ్ళ మీదికి నీళ్ళొచ్చాయి. ఇవేవీ భద్రాచలం స్కేలు మీద చూసి తెలుసుకునే వరదలు కావు.

ఇంక రెండో రకం కూడా మనకి బాగా తెలుసు. గోదారి నిండుగా ఉంటే వాగు నీళ్ళు అందులోకి దిగవు. వెనక్కి తంతాయి, అదే ఎగపోటు. కూనవరం దగ్గర శబరి పరిస్థితి అదే, శబరిలో కలిసే చిన్న వాగుల పరిస్థితీ అదే. 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71.3 అడుగులు వచ్చినప్పుడు ఎన్ని వాగులు వెనక్కి నడిచాయో మీలో చాలామంది చూశారు. అంటే కింద ఉన్న ఊరికి రెండు వైపుల నుంచీ ముప్పే. వాగు తన సొంత వానతో రావచ్చు, లేదా గోదారి తోసుకురావచ్చు.

ఇప్పుడు అసలు విషయం. మేం పని చేసిన ఊళ్ళో కొత్త అంగన్‌వాడీ భవనానికి స్థలం చూశారు. వాగు ఒడ్డున చదునుగా ఉన్న జాగా. రోడ్డు దగ్గర, ఇసుక దగ్గర, కట్టడం సులువు. ఊళ్ళో ఆడవాళ్ళు "అక్కడికి నీళ్ళొస్తాయి బాబూ" అన్నారు. స్థలం చూడ్డానికొచ్చిన సారు "అది వందేళ్ళకోసారి వచ్చే వరదమ్మా, 2022లో వచ్చేసింది కదా, ఇంకేం కాదు" అన్నాడంట. ఈ ఒక్క వాక్యంలో రెండు తప్పులున్నాయి. రెండూ ప్రమాదమే.

మొదటిది. "వందేళ్ళ వరద" అంటే ఒకసారి వస్తే మళ్ళీ వందేళ్ళు రాదని కాదు. ప్రతి ఏడూ అంత వరద రావడానికి నూటికి ఒకటో వంతు అవకాశం ఉందని. పోయిన ఏడు వచ్చినా ఈ ఏడు అవకాశం అంతే. గవ్వలాటలో ఇప్పుడే పడ్డ పందెం మళ్ళీ పడకూడదని గవ్వలకి తెలియదు కదా! వాగుకి కూడా తెలియదు. భవనం 30 ఏళ్ళు నిలబడాలనుకుందాం. వందేళ్ళ వరద ఆ 30 ఏళ్ళలో ఒక్కసారైనా వచ్చే అవకాశం 26 శాతం. యాభై ఏళ్ళ వరదైతే 45 శాతం. పాతికేళ్ళ వరదైతే 71 శాతం. లెక్క కష్టమేం కాదు. ఒక ఏడు వరద రాకుండా గడిచే అవకాశాన్ని 30 సార్లు గుణించి, ఒకటిలోంచి తీసేయడమే. వందేళ్ళ వరదకి 0.99ని ముప్పై సార్లు గుణిస్తే 0.74 వస్తుంది. మిగిలింది 0.26. ఇంటర్ చదివే చెల్లెలు కూడా ఫోన్ క్యాలిక్యులేటర్‌లో చేసేస్తుంది.

రెండోది. అది వందేళ్ళ వరద అని ఎవరు చెప్పారు? గోదారికైతే చెప్పొచ్చు. పద్ధతి ఇది: ప్రతి ఏడాదీ వచ్చిన గరిష్ఠ వరదని తీసుకుంటారు, పెద్దదాని నుంచి చిన్నదానికి వరసగా పేరుస్తారు. మొత్తం ఏళ్ళకి ఒకటి కలిపి, వరస నంబరుతో భాగిస్తే ఆ వరద సుమారు ఎన్నేళ్ళకోసారో వస్తుంది. భద్రాచలం దగ్గర 1970 నుంచి 2024 దాకా 55 ఏళ్ళలో 70 అడుగులు దాటింది మూడుసార్లు: 1986లో 75.6, 1990లో 70.8, 2022లో 71.3. 56ని 3తో భాగిస్తే దాదాపు 19 ఏళ్ళకోసారి. వందేళ్ళకి కాదు!

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఇదే లెక్కని 1986 నుంచి 2022 దాకా మాత్రమే చేస్తే 37 ఏళ్ళకి మూడు, అంటే 13 ఏళ్ళకోసారి అని వస్తుంది. వరద వచ్చిన ఏడుతో మొదలుపెట్టి, వరద వచ్చిన ఏడుతో ఆపితే భయం పెరుగుతుంది. వరద రాని ఏళ్ళే ఏరుకుంటే భయం తగ్గుతుంది. కాబట్టి ఎవరైనా లెక్క చూపిస్తే ముందు అడగాల్సింది "ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా?" అని. మనం చూపించినా సరే, అదే ప్రశ్న మనల్నీ అడగాలి.

ఇంకాస్త లోతుకి పోతే, చూసిన వరదల నుంచి ఇంకా చూడని పెద్ద వరదని అంచనా వేసే సూత్రాలున్నాయి. వాటిలో బాగా పేరున్నది గుంబెల్ పద్ధతి. ఎమిల్ గుంబెల్ జర్మనీ గణితవేత్త. 1922లో ఆయన అక్కడి రాజకీయ హత్యల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టి పుస్తకం వేశాడు. మితవాదులు చేసినవి 354, వామపక్షం వాళ్ళు చేసినవి 22, కోర్టులు ఎవరికెంత శిక్ష వేశాయో కూడా చూపించాడు. 1932లో హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పే హక్కు పోగొట్టుకున్నాడు. దేశం విడిచి, చివరికి అమెరికా చేరి, 1941లో వరదలు ఎన్నేళ్ళకోసారి వస్తాయన్న దానిమీద వ్యాసం రాశాడు. ఈ సంగతి తెలిశాక మాకు ఆ సూత్రం మీద గౌరవం పెరిగింది. ఎవరూ లెక్కపెట్టని వాటిని లెక్కపెట్టడమే ఆయన జీవితమంతా చేసిన పని. మన అవసరం కూడా అదే కదా.

సరే, స్కేలే లేని వాగుకి ఏం చెయ్యాలి? మాకు మూడు దారులు కనపడ్డాయి.

ఒకటి, పక్కవాళ్ళ దగ్గర అప్పు తెచ్చుకోవడం. ఒకే రకం నేల, ఒకే రకం వాన ఉన్న ప్రాంతంలో కొన్ని వాగులకైనా కొలతలుంటాయి. వాటి నుంచి, కొలతలు లేని వాగుకి అంచనా కట్టొచ్చు. కేంద్ర జల సంఘం దేశాన్ని 26 ఉపమండలాలుగా చేసి ఇలాంటి నివేదికలు వేసింది. మన దిగువ గోదావరిది 3(ఎఫ్). వాగు పొడవు, వాలు, పరీవాహకం తెలిస్తే 25, 50, 100 ఏళ్ళ వరదలు ఎంతో కట్టే దారి అందులో ఉంది. వంతెనలు, కల్వర్టులు కట్టేవాళ్ళ కోసం చేసినవి. ఇంజనీరింగు చదివే అన్నలు, అక్కలు లైబ్రరీలో అడిగి చూడండి.

రెండు, వాన నుంచి నీటిని లెక్కకట్టడం. చిన్న వాగుకి సులువు సూత్రం ఒకటుంది. గంటకి ఎన్ని మిల్లీమీటర్ల వాన, ఎన్ని చదరపు కిలోమీటర్ల పరీవాహకం, పడ్డ వానలో ఎంత వంతు ఇంకకుండా పారుతుంది, ఈ మూడింటినీ గుణించి 0.278తో మళ్ళీ గుణిస్తే సెకనుకి ఎన్ని ఘనమీటర్లో వస్తుంది. 20 చదరపు కిలోమీటర్ల వాగు, గంటకి 50 మిల్లీమీటర్ల వాన, పారేది 0.4 వంతు అనుకుంటే సెకనుకి 111 ఘనమీటర్లు. మన భాషలో దాదాపు 3,900 క్యూసెక్కులు. అదే గుట్ట మీద అడవి పోయి నేల గట్టిపడి, పారేది 0.6 వంతు అయితే 167 ఘనమీటర్లు, దాదాపు 5,900 క్యూసెక్కులు. వాన మారలేదు, వాగు మారలేదు. గుట్ట మారింది, వరద ఒకటిన్నర రెట్లయ్యింది. అడవి గురించి మన పెద్దలు చెప్పే మాటకి ఇంతకన్నా రుజువేం కావాలి?

మూడోది మన దగ్గర మాత్రమే ఉన్నది. మనుషుల జ్ఞాపకం.

మేం ఎక్కువ నమ్ముకున్నది మూడోదాన్నే. ఆ ఊళ్ళో చింతచెట్టు మొదట్లో ఒక బండ ఉంది. పశువులు కాసేవాళ్ళు కూర్చునేది. వాగు ఎంత ఎత్తు వచ్చిందని అడిగితే ఎవరూ అడుగుల్లో చెప్పలేరు. "బండ మునిగిందా లేదా?" అంటే మాత్రం అందరూ ఠక్కున చెబుతారు. ఈ ప్రశ్నకి అవును, కాదు అన్న జవాబు చాలు, లెక్కకి పనికొస్తుంది. ఎంత మునిగిందో తెలియకపోయినా ఫరవాలేదు.

ఏడు తేల్చుకోవడం కష్టమనుకున్నాం. కాదు. మేడారం జాతర రెండేళ్ళకోసారి. "జాతర అయిన ఏడు వానల్లో" అంటే సరిసంఖ్య ఏడు. "నా పెద్దపిల్ల కడుపులో ఉండగా" అంటే ఆ పిల్ల ఆధార్ కార్డు చూస్తే సరి. ఒక అవ్వ అయితే తన నలుగురు పిల్లల పుట్టుకలతో ఇరవై ఏళ్ళ వానాకాలాల్ని వరసగా అప్పజెప్పింది. ఒక్కో ఇంట్లో విడివిడిగా అడిగాం. కనీసం ఇద్దరు ఒకే ఏడు చెప్తేనే రాసుకున్నాం. వరదతో లెక్క మొదలవ్వకూడదని 1985 నుంచి 2024 దాకా 40 ఏళ్ళు తీసుకున్నాం.

బండ మునిగింది నాలుగుసార్లు. రెండు గోదారి ఎగపోటుతో, 1986లో, 2022లో. మిగతా రెండు వాగు తన సొంత వానతో. ఆ రెండిట్లో గోదారికి ఏ హెచ్చరికా లేదు. 1990లో నీళ్ళు బండ అంచు దాకా వచ్చి ఆగాయన్నారు, దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. తర్వాత మేస్త్రీలు లెవెల్ చూసుకునే నీళ్ళ పైపు అడిగి తెచ్చి, బండకీ అంగన్‌వాడీ జాగాకీ మధ్య ఎత్తు చూశాం. జాగా బండ కంటే జానెడు కింద ఉంది. బండ మునిగితే జాగా మునిగినట్టే.

40 ఏళ్ళలో 4 సార్లు అంటే ఏటా 10 శాతం. గోదారిని మాత్రమే లెక్కేస్తే 5 శాతమే వచ్చేది. వాగుని కలిపేసరికి రెట్టింపయ్యింది. నది లెక్క ఒక్కటే చూసి ఊరికి భరోసా చెప్పేవాళ్ళు ముప్పులో సగాన్నే చూస్తున్నారని దీని అర్థం. పైగా ఈ రెండూ పూర్తిగా విడివిడివి కూడా కావు. బంగాళాఖాతంలో ఒకే అల్పపీడనం గోదారినీ నింపుతుంది, మన గుట్ట మీదా కురుస్తుంది. గోదారి నిండి ఉన్నప్పుడు చిన్న వానకి కూడా వాగు పెద్దదౌతుంది.

మాలో లెక్కల చదువు చదివే తమ్ముడు ఇక్కడ అడ్డుపడ్డాడు. "నాలుగంటే చాలా తక్కువ డేటా. పదేళ్ళకోసారి అని గట్టిగా చెప్పలేం" అన్నాడు. నిజమే. 40లో 4 చూసినప్పుడు అసలు సంఖ్య నాలుగైదేళ్ళకోసారి నుంచి ముప్పై అయిదేళ్ళకోసారి దాకా ఏదైనా కావచ్చు. ఇంత వెడల్పున్న జవాబు పట్టుకుని గ్రామసభకి ఎలా పోవడం అని ఒక రాత్రంతా వాదించుకున్నాం. చివరికి ఆ తమ్ముడే తేల్చాడు. పదేళ్ళకోసారి అయితే 30 ఏళ్ళలో ఆ భవనంలోకి ఒక్కసారైనా నీళ్ళొచ్చే అవకాశం 96 శాతం. పోనీ మన అదృష్టం బాగుండి ముప్పై అయిదేళ్ళకోసారే అనుకుందాం. అప్పుడు కూడా 58 శాతం. మంచి పక్కన నిలబడి లెక్కేసినా సగానికి పైనే మునుగుతుంది. పసిపిల్లల్ని కూర్చోబెట్టే ఇంటికి అది చాలు, వద్దనడానికి. సంఖ్య కచ్చితంగా తెలియకపోయినా నిర్ణయం మాత్రం కచ్చితంగా తెలిసింది.

మేం ఈ పనిలో నేర్చుకున్న అసలు ముక్క ఇదే. "మీ దగ్గర డేటా లేదు" అని మనల్ని నోరు మూయిస్తారు. సరిగ్గా, నిజాయితీగా చేసిన మోటు లెక్క చాలాసార్లు సరిపోతుంది. ఎంత వరకు తెలుసో, ఎంత వరకు తెలియదో రెండూ చెప్పి, రెండు చివరలా లెక్కేసి చూపిస్తే దాన్ని కొట్టిపారెయ్యడం ఎవరికైనా కష్టం.

గ్రామసభలో ఒక పేజీ కాగితం చదివాం. పెసా చట్టం వచ్చి 1996కి ఇన్నేళ్ళయ్యింది. ఊళ్ళో చేపట్టే పనులకి ముందు గ్రామసభ ఆమోదం కావాలని అందులో ఉంది. మేం శాతాలు చెప్తుంటే ఒక తాత ఆపి, "ఒరేయ్, పది కుండల్లో ఒక కుండకి చిల్లు ఉంది, ఏదో తెలియదు. ఏటా ఒక కుండ తీసి నీళ్ళు పోస్తన్నారు. ముప్పై ఏళ్ళు చిల్లు కుండ చేతికి రాదా? ఇంతే కదా మీరనేది" అన్నాడు. ఇంతే తాతా. మేం పేజీ రాసింది ఆయన ఒక్క కుండలో పోశాడు. బడి వెనకున్న ఎత్తు జాగా కావాలని తీర్మానం రాశారు, వేలిముద్రలూ సంతకాలూ పడ్డాయి. అక్కడికి రాళ్ళు ఎక్కువ, ఖర్చు పెరుగుతుందని పైనుంచి ఒక మాట వచ్చింది. స్థలం ఇంకా ఖరారు కాలేదు. కాగితం నకళ్ళు ఊళ్ళో నాలుగిళ్ళల్లో ఉన్నాయి. ఒక నకలు మునిగినా మూడు మిగలాలి కదా!

పోలవరం స్పిల్‌వేని 50 లక్షల క్యూసెక్కుల వరదకి లెక్కకట్టి కట్టారు. ఆనకట్ట మునగకూడదని అంత లెక్క. మరి మన పిల్లలు దాటే చప్టాకి, గర్భిణిని డోలీలో మోసుకెళ్ళే వాగు రేవుకి ఎన్ని క్యూసెక్కుల లెక్క వేశారు? ఈ ప్రశ్న అడగాలంటే మన చేతిలో ఏదో ఒక అంకె ఉండాలి.

అందుకే గ్రూపులో అందరినీ అడుగుతున్నాం. ఈ వానాకాలం లోపు మీ వాగు దగ్గర కదలని గుర్తు ఒకటి ఎంచుకోండి, బండో, బడి మెట్టో, వంతెన స్తంభమో. పెయింటుతో అడుగులు గీయండి. మీ పెద్దల్ని కూర్చోబెట్టి ఏ ఏ ఏళ్ళు అది మునిగిందో విడివిడిగా అడిగి రాయండి, వాళ్ళు ఉండగానే. వరద వచ్చినప్పుడు ఎవరూ నీళ్ళలోకి దిగొద్దు. దూరం నుంచి ఫొటో తీసి టైం రాయండి. నీళ్ళు తగ్గాక గోడ మీద మిగిలిన బురద గీత కొలవండి. వరద రాని ఏడు కూడా "రాలేదు" అని రాయండి. రాని ఏళ్ళు లేకపోతే వచ్చిన ఏళ్ళకి అర్థం లేదు.

వాగు పేరు, ఊరు, గుర్తు, మునిగిన ఏళ్ళు. ఈ నాలుగు ముక్కలు కింద కామెంటులో పెట్టండి. లెక్క రానివాళ్ళకి మేం చేసి పెడతాం, చేసే పద్ధతి కూడా చెబుతాం. ఒకే రకం గుట్టల్లోంచి వచ్చే పది వాగులవి దొరికితే వాటిని కలిపి చూడొచ్చు. అప్పుడు ఆ నాలుగైదేళ్ళకీ ముప్పై అయిదేళ్ళకీ మధ్య వెడల్పు కూడా తగ్గుతుంది. మీ ఊరి జ్ఞాపకం మా ఊరికి పనికొస్తుంది, మాది మీకు.

జోహార్.